సంగీతం రాని ఇంట్లో పిల్లలతో పాట వీడియో తీయడం ఎలా?

సుంకేశుల గాలి, కర్నూలు

మా ఇంట్లో ఇద్దరు పిల్లలు. పెద్దది ఆరో తరగతి, చిన్నోడు ఒకటో తరగతి. సెలవులిచ్చినప్పటి నుంచి పాట వీడియో తీద్దామని ఒకటే గోల. ఇదివరకు తీసినవన్నీ ఒకే రకం. సినిమా పాట పెట్టడం, దానికి ఇద్దరూ ఎగరడం, నేను ఫోన్ పట్టుకుని నిలబడటం. వాళ్లకే విసుగొచ్చింది. ఈసారి పాట కూడా మనమే కట్టుకుందాం అంటోంది పెద్దది. అక్కడే నాకు టెన్షన్. నాకు సంగీతం రాదు, మా ఆయనకు అసలే రాదు. ఇంట్లో హార్మోనియం, కీబోర్డు లాంటివేమీ లేవు. నా ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి, చార్జింగ్ సరిగా నిలవని పాత ఫోన్ ఒకటి ఉన్నాయి. పత్తికొండలో ఉన్న జేజికి పంపాలని పిల్లల ఆశ. ఏ యాప్ వేసుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, తెలిసినవాళ్లు చెప్పండి.

బొరుగుల మిక్చర్, ఆదోని

అక్కా, యాప్ సంగతి తర్వాత. ముందు ఫోన్‌లో పేరుకుపోయిన గుడ్ మార్నింగ్ ఫొటోలన్నీ తీసెయ్. ఫుల్ హెచ్‌డీలో నిమిషం వీడియోకు ఫోన్‌ను బట్టి వంద ఎంబీ, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కూడా పడుతుంది. పిల్లోడు భలే ఊపు మీద ఉన్నప్పుడే స్టోరేజ్ నిండిందని వస్తుంది. ఎప్పుడూ అంతే.

మిద్దెమీద ఎడిటర్, కడప

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే పని నాది. కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తా, ఓపిగ్గా చదవండి.

యాప్ ఏదైనా పర్వాలేదు. ఇన్‌షాట్, కైన్‌మాస్టర్ రెండూ మీ పనికి చాలు. ఉచితంగా వాడితే కైన్‌మాస్టర్ పేరు ఒక మూలన పడుతుంది. జేజికి దాంతో పనేముంది?

అసలు సంగతి వరసలో ఉంది. అందరూ ముందు వీడియో తీసి, తర్వాత దానికి పాట అతికిస్తారు. మీరు తిరగేయండి. ముందు పాట మొత్తం రికార్డు చేసి పక్కన పెట్టుకోండి. తర్వాత దాన్ని స్పీకర్‌లో వినిపిస్తూ పిల్లలను ఆడించి, బొమ్మ మాత్రం తీయండి. సినిమాల్లో పాటలు తీసేది ఇట్లనే. గెంతుతూ పాడితే పిల్లలకు ఆయాసం వస్తుంది, శ్రుతి పోతుంది, ఫోన్ మైకులో గాలి హోరు మిగులుతుంది. పాట విడిగా ఉందనుకోండి, ఒక ముక్క మిద్దె మీద, ఒక ముక్క వంటింట్లో, ఇంకోటి కొండారెడ్డి బురుజు ముందు తీసుకున్నా అన్నీ ఒకే పాటలో కలిసిపోతాయి. బురుజు దగ్గర ట్రాఫిక్ గోల ఉన్నా భయం లేదు, ఆ శబ్దం ఎట్లాగూ తీసేస్తాం.

పాట రికార్డింగుకు స్టూడియో అక్కర్లేదు. ఫ్యాను ఆపండి, ఫ్రిజ్ ఉన్న గదిలో వద్దు. నున్నటి గోడలున్న ఖాళీ గదిలో గొంతు మోగుతుంది. పరుపులు, బొంతలు, బట్టల బీరువా ఉన్న గది మేలు. వీలైతే పిల్లల తల మీదుగా ఒక బొంత కప్పేయండి. గొంతు రేడియోలో విన్నట్టు దగ్గరగా వస్తుంది, పైగా వాళ్లకు అదో గుడారం ఆట. ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో, ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు పెట్టండి. లేకుంటే ప, బ, భ వచ్చిన ప్రతిచోటా ఊదినట్టు డబ్బుమంటుంది. ఏరోప్లేన్ మోడ్ మర్చిపోవద్దు.

ఇంకొకటి. పొలంలోనో, పెద్ద మైదానంలోనో తీసేటప్పుడు స్పీకర్ పిల్లల పక్కనే ఉండాలి. శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది. అదేం తక్కువా అనిపిస్తుంది కానీ, స్పీకర్ ముప్పై నలభై మీటర్ల దూరంలో ఉంటే పాట సెకనులో పదోవంతు ఆలస్యంగా చెవిన పడుతుంది. పెదాలు పాటకు వెనకబడినట్టు చూసేవాళ్లకు తెలిసిపోతుంది.

టీచరక్క, అనంతపురం

ఎడిటర్ గారు చెప్పిన వరస నాకు నచ్చింది. పాట ఎక్కడి నుంచి వస్తుందో నేను చెప్తా. బడిలో పిల్లలతో చేయించే పనే ఇది.

వాయిద్యం లేదని బాధపడొద్దమ్మా, మీ వంటింట్లో ఉంది. జొన్నరొట్టె తట్టేటప్పుడు చప్పుడు విన్నారా? దానికంటూ ఒక నడక ఉంటుంది. దాన్ని ఒక నిమిషం రికార్డు చేయండి, అదే మీ తాళం. దాని మీద రోట్లో రోకలి పడే చప్పుడు బరువైన దెబ్బకు, స్టీలు డబ్బాలో గుప్పెడు చెనక్కాయలు వేసి ఊపితే గలగలకు. ఇవన్నీ విడివిడిగా తీసుకుని యాప్‌లో ఒకదాని కింద ఒకటి పెడితే పాట నడుము నిలబడుతుంది. కంప్యూటర్ ఉంటే ఆడాసిటీ అని శబ్దాలు ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం, ఈ పని అందులో ఇంకా సులువు.

రాగానికి ఒకే సైజు గాజు సీసాలు తెచ్చుకోండి. నీళ్లు తక్కువ ఎక్కువ పోసి చెంచాతో తట్టితే స్వరాలు వస్తాయి. ఇక్కడ ఒక తమాషా ఉంది, పిల్లలకు మీరు చెప్పకండి, వాళ్లనే కనుక్కోనివ్వండి. నీళ్లు పోసే కొద్దీ, తట్టినప్పుడు స్వరం కిందికి దిగుతుంది. అదే సీసా మూతి దగ్గర ఊదితే, నీళ్లు పోసే కొద్దీ స్వరం పైకి పోతుంది. తట్టినప్పుడు అదిరేది గాజు, నీళ్ల బరువుకు అది నిదానిస్తుంది. ఊదినప్పుడు అదిరేది లోపలి గాలి, నీళ్లు పెరిగితే దానికి చోటు తగ్గుతుంది. ఐదో తరగతి పిల్లలు దీని మీద పూట పూటంతా వాదించుకుంటారు.

ఇంకా ఆసక్తి ఉంటే మీ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా చెక్కభజన జరిగేటప్పుడు పిల్లలను తీసుకెళ్లండి. చేతిలో చెక్కలు, కాళ్లకు గజ్జెలు, తాళం మారగానే అడుగు మారుతుంది. మా వైపు ఉరుముల నృత్యం కూడా అంతే. లెక్క పెట్టుకుంటూ అడుగు వేయడం నేర్పడానికి అంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు.

పెన్నేటి గట్టు, ప్రొద్దుటూరు

ఎండాకాలం వస్తే మేము మామిడితోపుల్లో తిరిగేవాళ్లం. ఇప్పుడు పిల్లోళ్ల చేతికి ఫోన్ ఇచ్చి దానికి క్రియేటివిటీ అని పేరు పెడుతున్నారు. ఏందబ్బా ఇది? ఫోన్ నుంచి దూరం చేయమని డాక్టర్లు మొత్తుకుంటుంటే.

బొరుగుల మిక్చర్, ఆదోని

పెద్దాయనా, టీచరక్క రాసింది మళ్లీ చదువు. సీసాలు, రోలు, చెనక్కాయలు. ఇందులో ఫోన్ చూసేది ఎంతసేపు?

టీచరక్క, అనంతపురం

పెద్దాయన మాట కొట్టిపారేయకండి. ఎడిటింగ్ మొదలయ్యాక పిల్లలు తెరకు అతుక్కుపోయే మాట నిజమే. అందుకే నేను ముందు కాగితం మీద గళ్లు గీయిస్తా. పాటలో ప్రతి లైనుకు ఒక గడి, ఆ గడిలో ఏం కనపడాలో బొమ్మ వేయాలి. బొమ్మ వేయని లైనుకు షూటింగ్ లేదు. దాంతో సగం రోజు పెన్సిల్‌తోనే గడిచిపోతుంది. చిన్నోడి చేత కూడా వేయించండమ్మా. వాడు వేసింది ఏనుగో, ఆటోనో మనకు తెలియకపోయినా వాణ్ణే అడగండి, అక్కడ వాడే డైరెక్టర్.

పెన్నేటి గట్టు, ప్రొద్దుటూరు

అట్లయితే సరే. సినిమా పాటల గోల లేకుండా అన్నమయ్య పాటలు పాడించండి మరి. రాజంపేట దగ్గరి తాళ్లపాక ఆయనది, మన సీమ మనిషి. 1503లో పోయిన ఆయన పాటకు కాపీరైటు అడిగేవాడెవడు?

నల్లకోటు, కడప

పెద్దాయన గారూ, సగం నిజం. సాహిత్యానికి ఎవరూ అడగరు. కానీ ఒక పాటలో మూడు ఆస్తులుంటాయి: మాటలు, బాణీ, రికార్డింగు. మన కాపీరైటు చట్టం 1957 ప్రకారం మాటలకు, బాణీకి రాసినవారు, కట్టినవారు పోయాక 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. రికార్డింగుకు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. కాబట్టి ఎవరో పాడిన అన్నమయ్య కీర్తన క్యాసెట్టు నుంచి తీసి వీడియోకు పెడితే ఆ రికార్డింగు హక్కుదారు అడగొచ్చు.

బాణీ సంగతి ఇంకా చిత్రం. అన్నమయ్య పాటల్లో రాగిరేకుల మీద రాగం పేరు దొరికింది కానీ, ఎలా పాడారో చాలావాటికి దొరకలేదు. ఇప్పుడు మనం వినే బాణీలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. అందులో ముందుతరం పెద్ద రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో 1893లో పుట్టారు, 1979లో పోయారు. లెక్క వేసుకోండి, ఆయన కట్టిన బాణీ 2039 చివరిదాకా చట్టం నీడలోనే ఉంటుంది.

ఇంట్లో పాడుకుని జేజికి పంపితే ఎవరూ వెంటపడరు. యూట్యూబ్‌లో పెడితేనే ఈ గొడవ. కంటెంట్ ఐడీ అనే ఏర్పాటు ప్రతి వీడియోనూ హక్కుదారులు ఇచ్చిన పాటలతో తనంతట తానే పోల్చి చూస్తుంది. కలిస్తే క్లెయిమ్ పడుతుంది: వీడియో ఆగిపోవచ్చు, లేదా దానిమీద వచ్చే ప్రకటనల డబ్బు వాళ్లకు పోవచ్చు. స్ట్రైక్ వేరు, వీడియో తీసేయమని హక్కుదారు ఫిర్యాదు చేస్తే పడేది. అది 90 రోజుల్లో మూడు పడితే చానల్ మూతపడే ప్రమాదం ఉంది. రెండింటినీ కలిపి భయపడేవాళ్లు చాలామంది.

అన్నిటికన్నా హాయి, మాటలు పాతవి తీసుకుని బాణీ మీ పిల్లలే కట్టడం.

టీచరక్క, అనంతపురం

వేమన పద్యం తీసుకోండి అయితే. ఎక్కువ ఆటవెలదులే. ఆటవెలదిలో ఏ పాదం చూసినా ఐదు గణాలు. గణానికి ఒక చప్పట్లు కొట్టమనండి, పాదానికి ఐదు. ఒకటో పాదం, మూడో పాదం చివర్లో రెండు చప్పట్ల మధ్య కొంచెం ఎక్కువ సమయం పడుతుంది, ఎందుకంటే అక్కడ ఇంద్రగణాలు వస్తాయి, అవి సూర్యగణాల కన్నా పొడుగు. బడిలో గణవిభజన అంటే మొహం ముడిచే పిల్లలు దీన్ని మాత్రం రోజంతా కొడుతూనే ఉంటారు. మీ పెద్దమ్మాయికి ఇది సరిగ్గా సరిపోతుంది.

ఇరవైనాలుగు ఫ్రేములు, బెంగళూరు (సొంతూరు ధర్మవరం)

పిల్లలు కనపడకుండానే వీడియో తీయొచ్చు, ఎవరూ ఆ మాట అనలేదేంటి? ఒక్కో ఫొటో తీస్తూ, మధ్యలో వస్తువును కొంచెం కొంచెం జరుపుతూ పోతే అదే కదిలినట్టు కనిపిస్తుంది. స్టాప్ మోషన్ అంటారు. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు, మనకు 12 చాలు. అంటే పది సెకన్లకు 120 ఫొటోలు. ఎక్కువనిపిస్తుంది కానీ ఇద్దరు పిల్లలుంటే ఒకరు జరపడం, ఒకరు నొక్కడం, గంటలో అయిపోతుంది. స్టాప్ మోషన్ స్టూడియో అనే యాప్ ఉంది, ముందు ఫొటో నీడలా కనపడుతుంది కాబట్టి ఎంత జరిపామో తెలుస్తుంది.

పాటకు కలపడం ఇక్కడ చాలా సులువు. మీ రొట్టె చప్పుడు నిమిషానికి 120 దెబ్బలు అనుకోండి. దెబ్బకు అరసెకను, అంటే ఆరు ఫొటోలు. ప్రతి ఆరో ఫొటోకు చెనక్కాయ ఎగిరేలా పెడితే అది తాళానికే ఎగురుతుంది. ఈ లెక్క చిన్నపిల్లలకు బాగా పడుతుంది, ఎక్కాలు రాని ఒకటో తరగతి వాడు కూడా ఒకటి నుంచి ఆరు దాకా లెక్క పెడుతూ మురిసిపోతాడు.

ఫోన్ చేత్తో పట్టుకోవద్దు, బియ్యం డబ్బాకు ఆనించి రబ్బరు బ్యాండు వేయండి. కిటికీ పక్కన తీయకండి, మబ్బు వచ్చినప్పుడల్లా వెలుగు మారి బొమ్మ మిణుకుమిణుకుమంటుంది. రాత్రిపూట తలుపులేసి ఒకే బల్బు కింద తీస్తే మేలు. తెర మీద వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుతురు రెండూ మారకుండా లాక్ అవుతాయి.

మనుషులతో కూడా చేయొచ్చు. పిల్లోణ్ణి ఎగరమనండి, గాల్లో ఉన్నప్పుడు మాత్రమే ఫొటో. అడుగు ముందుకు, మళ్లీ ఎగరడం, మళ్లీ ఫొటో. అన్నీ కలిపి చూస్తే వాడు నేలకు తగలకుండా మిద్దె అంతా తేలుతూ పోతాడు. నవ్వాపుకోలేరు. ఎండ తగ్గాక చేయండి, పాపం కాళ్లు కాలుతాయి.

సుంకేశుల గాలి, కర్నూలు

అందరికీ థాంక్స్. సీసాల దగ్గరే రెండు పూటలు పోయాయి. తట్టడం, ఊదడం తేడా చిన్నోడే ముందు పట్టుకున్నాడు, అక్కకు అది మింగుడు పడలేదు. వేమన పద్యానికి బాణీ వచ్చింది, రొట్టె తాళం కూడా రికార్డు చేశాం. మిద్దె మీద పాట మొత్తం ఒకేసారి తీశాం. మొదట్లో బాగానే ఉంది, చివరికి వచ్చేసరికి పెదాలు, పాట కలవడం లేదు. యాప్ తప్పా?

మిద్దెమీద ఎడిటర్, కడప

యాప్ తప్పు కాదమ్మా. ఫోన్లు వీడియో తీసేటప్పుడు వెలుతురును బట్టి, వేడిని బట్టి సెకనుకు ఎన్ని ఫ్రేములన్నది తామే మార్చుకుంటాయి. 30 అని రాసి ఉంటుంది కానీ ఒకసారి 29, ఒకసారి 28 కావచ్చు. కొన్ని యాప్‌లు దాన్ని సరిగా లెక్కలోకి తీసుకోవు. చిన్న షాటులో తేడా తెలియదు, రెండు మూడు నిమిషాలు ఏకబిగిన తీస్తే పోగుపడి బయటపడుతుంది. వైద్యం ఏమిటంటే మొత్తం ఒకేసారి తీయకండి. లైనుకు ఒక షాటు. ప్రతి షాటు మొదట్లో ఒక చప్పట్లు కొట్టించండి. ఆ చప్పట్లు, తర్వాత స్పీకర్‌లో వినపడే పాట, ఈ రెండూ ఆనవాలు పెట్టుకుని అసలు పాటకు జత చేస్తే క్షణం కూడా తప్పదు. జత అయ్యాక షాటు శబ్దం సున్నాకు తగ్గించేయండి.

పైగా లైనుకు ఒక షాటు అంటే టీచరక్క చెప్పిన గళ్ల కాగితానికి సరిగ్గా సరిపోతుంది.

చింతచెట్టు నీడ, కదిరి

నాదొక మాట. ఇవన్నీ చేసి యూట్యూబ్‌లో పెట్టి లైకులు లెక్కపెడుతూ కూర్చుంటే చేసిన పనికి అర్థమే మారిపోతుంది. మా పక్కింట్లో పదేళ్ల పిల్ల, వ్యూస్ రాలేదని ఏడుస్తుంది.

బొరుగుల మిక్చర్, ఆదోని

పదిమంది చూస్తే పిల్లలకు హుషారు కదన్నా. నేను పెడతా, తప్పేముంది?

నల్లకోటు, కడప

పెట్టడం మీ ఇష్టం, పెట్టే పద్ధతి తెలుసుకోండి. 13 ఏళ్లు నిండని పిల్లల పేరుతో యూట్యూబ్‌లో మామూలు చానల్ తెరవకూడదు, మీ పేరుతోనే పెట్టాలి. పిల్లల కోసం చేసిన వీడియో అని గుర్తు పెడితే కామెంట్లు ఆగిపోతాయి, అది ఒకందుకు మంచిదే. అన్‌లిస్టెడ్‌కు, ప్రైవేటుకు తేడా చూడండి. అన్‌లిస్టెడ్ అంటే లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు, ఆ లింకు చేతులు మారుతూనే ఉంటుంది. ప్రైవేటు అంటే మీరు మెయిల్ ఇచ్చి పిలిచినవారే చూస్తారు. బడి యూనిఫాం, బ్యాడ్జి, ఇంటి నంబరు, బండి నంబరు బొమ్మలో పడకుండా చూసుకోండి. వేరే పిల్లలు ఉంటే వాళ్ల అమ్మానాన్నలను అడక్కుండా ఎక్కడా పెట్టకండి.

టీచరక్క, అనంతపురం

నా ఓటు చింతచెట్టు నీడకే. ఇంట్లో నలుగురు కూర్చుని చూస్తే చాలు.

ఇరవైనాలుగు ఫ్రేములు, బెంగళూరు (సొంతూరు ధర్మవరం)

మొహం కనపడకూడదంటే దానికీ మన దగ్గరే దారి ఉంది. మా ధర్మవరం పక్కనే నిమ్మలకుంట. తోలుబొమ్మల ఊరు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. వాళ్లు మేకతోలును పలచగా చేసి, చెక్కి, రంగులద్దుతారు. మనం అట్టముక్కతో చేసుకుందాం. కళ్లు, నగలు, అంచులు ఉన్నచోట అట్టను చెక్కి, వెనక రంగు జిలుగు కాగితం అంటించండి. వెలుతురు ఆ కాగితంలోంచి వచ్చినప్పుడే రంగు కనపడుతుంది, మామూలు అట్టకు నల్ల నీడే.

తెల్ల పంచెను తలుపు చట్రానికి బిగించి కట్టండి, ముడత ఉండకూడదు. వెనక ఒక బల్బు, ముందు ఫోన్. బొమ్మ పంచెకు ఆనుకుంటే అంచు పదునుగా పడుతుంది. దీపం వైపు జరిపితే పెద్దదై మసకబారుతుంది. రాక్షసుడు వచ్చేటప్పుడు అలా వెనక్కి లాగి చూడండి. చేతికీలుకు, మోకాలికి దారంతో ముడి వేస్తే ఊగుతాయి. పద్యం పాదానికొక బొమ్మ చాలు, మరీ ఎక్కువ పెట్టుకుంటే ఊపిరాడదు.

పెన్నేటి గట్టు, ప్రొద్దుటూరు

తోలుబొమ్మలాట తెల్లవార్లూ చూసినోణ్ణి నేను. ఇది చేయండి. మా మనవడి చేత కూడా చేయిస్తా. పంచె నాదే ఇస్తా.

బొరుగుల మిక్చర్, ఆదోని

పెద్దాయన పార్టీ మార్చేశాడు.

సుంకేశుల గాలి, కర్నూలు

లైనుకు ఒక షాటు పద్ధతి పనిచేసింది. రెండు పాదాలు పంచె మీద బొమ్మలతో, రెండు పాదాలు మిద్దె మీద. వాట్సాప్‌లో పంపితే అంతా మసకగా పోయింది, ఎలా?

మిద్దెమీద ఎడిటర్, కడప

వీడియోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. అప్పుడు వాట్సాప్ దాన్ని కుదించదు, రెండు జీబీ దాకా పోతుంది. జేజి ఫోన్‌లో చోటు ఉందో లేదో ముందు కనుక్కోండి.

కొత్తగా చేరాను, గుత్తి

ఇప్పుడే అంతా చదివాను. సినిమాల్లో మనిషి నెమ్మదిగా కదులుతూ ఉంటాడు, పెదాలు మాత్రం పాటకు సరిగ్గా కలుస్తాయి. అది ఇంట్లో చేయొచ్చా?

మిద్దెమీద ఎడిటర్, కడప

చేయొచ్చు. పాటను స్పీకర్‌లో రెండింతల వేగంతో పెట్టండి. పిల్లలు ఆ వేగానికే పెదాలు కదపాలి. ఫోన్‌ను సెకనుకు 60 ఫ్రేములకు మార్చి తీయండి. ఎడిటింగ్‌లో షాటును సగం వేగానికి తగ్గించి, కింద అసలు పాట పెట్టండి. పెదాలు కలుస్తాయి, జుట్టు, చున్నీ, దుమ్ము మాత్రం తేలుతున్నట్టు కనపడతాయి. పగలు బయటే తీయండి. ట్యూబ్‌లైటు మన కరెంటుకు సెకనుకు వంద సార్లు కొట్టుకుంటుంది, మామూలుగా కంటికి తెలియదు కానీ నెమ్మది చేస్తే చారలుగా బయటపడుతుంది.

కొత్తగా చేరాను, గుత్తి

చేసి చూశాం అన్నా. రెండింతల వేగం పెడితే మా పాప పాడలేక పడీపడీ నవ్వుతోంది.

మిద్దెమీద ఎడిటర్, కడప

ఆ నవ్వు షాటు తీసెయ్యొద్దు, చివర్లో పనికొస్తుంది. పాటను ఒకటిన్నర రెట్లకు తగ్గించి పెట్టండి, ఎడిటింగ్‌లో వేగం 0.67 ఇవ్వండి. సరిపోతుంది.